బారిటోన్‌కు బదిలీ

బస్సుల సంస్థలో బదిలీ అంటే మనిషిని ఒక డిపో నుంచి ఇంకో డిపోకు పంపడమని అందరికీ తెలుసు. మనిషిని ఉన్నచోటే ఉంచి, చేతిలో ఉన్న వాద్యాన్ని మార్చి, దాన్ని కూడా బదిలీ అనొచ్చని కనిపెట్టిన ఘనత మాత్రం సంక్షేమాధికారిది. ఆయన ఇలాంటివి చాలా కనిపెట్టాడు. భోజనాల గదిలో చెడిపోయిన పంకాలు ఊడదీయించి, తిరిగి పెట్టించకుండా, గోడ మీద 'సహజ గాలి మండలం' అని రాయించింది కూడా ఆయనే.

ఆ బదిలీ కాగితం సీట్లక్క చేతికి ఒక మంగళవారం పొద్దున వచ్చింది. అప్పటికి ఆమె ఒళ్లో చిరిగిన సీటొకటి ఉంది. చిరిగిన సీట్లు ఆమె ఒళ్లోకి రావడం, తొడుగులు మార్చుకుని వెళ్లడం ఇరవై రెండేళ్లుగా జరుగుతున్న పనే. డిపో వెనక రేకుల షెడ్డులో కుట్టు మెషిను, రెగ్జిను చుట్టలు, స్పాంజి ముక్కలు, ఆమె. నగరంలో కూర్చుని ప్రయాణం చేసే ప్రతి మనిషీ ఏదో ఒక రోజు ఆమె కుట్టు మీద కూర్చున్నవాడే, కానీ ఆ సంగతి ఒక్కడికీ తెలియదు. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉంది గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

ఈ సీట్లక్కకు ఇంకో జీవితం ఉంది. పంతొమ్మిదేళ్ల కిందట దారపు ఉండ కోసం స్టోరు గది ముందు గంటసేపు పడిగాపులు కాస్తుంటే, అటక మీద ఒక పెట్టె కనబడింది. అందులో ఆల్టో శాక్సఫోన్ ఉంది. డిపో బ్యాండులో దాన్ని వాయించేవాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. "తీసి చూడొచ్చా?" అని అడిగింది. "తీసుకెళ్లిపో తల్లీ, అటక ఖాళీ అవుతుంది" అన్నాడు స్టోరు గుమాస్తా. సంస్థ ఆమె కళకు ఇచ్చిన ప్రోత్సాహం మొత్తం అదే. ఏడాది తిరిగేసరికి ఆమె బ్యాండులో కూర్చుంది. పాట ఎత్తుకోవడం, పైకి తీసుకెళ్లడం, జనం తల తిప్పి చూసేలా చేయడం ఆల్టో పని. రోజంతా తల వంచుకుని కుట్టే మనిషికి వారానికొకసారి తలెత్తుకునే పని దొరికింది.

ఇప్పుడు ఆ కాగితంలో ఇలా ఉంది: 'బారిటోన్ శాక్సఫోన్ వాయించు ఉద్యోగి పదవీ విరమణ చేసినందున, మీరు ఆ వాద్యమునకు బదిలీ చేయబడినారు. రెండు వాద్యములకు రాసే స్వరములు ఒకటే, నొక్కే మీటలు ఒకటే అయినందున శిక్షణ అవసరం లేదు.'

చిక్కు ఏమిటంటే, ఇందులో అబద్ధం లేదు. అబద్ధమైతే ఎదురు తిరగొచ్చు, సగం నిజానికి మందు లేదు. కాగితం మీద చిన్న ఆల్టోకీ, దానికి రెండింతలుండి మంద్రంగా పలికే బారిటోన్‌కీ స్వరం ఒకటే, వేలు ఒకటే. ఆ లెక్కన ఆటోకీ లారీకీ కూడా బ్రేకు ఒకటే, హారను ఒకటే. ఆటో తోలేవాడి చేతికి రేపు లారీ తాళం ఇచ్చి 'శిక్షణ అవసరం లేదు' అంటే ఎవరి ప్రాణం పోతుందో ఆ అధికారికి తెలియకపోదు. కానీ వాయించే మనిషి ప్రాణం రోడ్డు మీద పోదు కదా.

మరి ఆల్టో కుర్చీ ఎవరికి పోయింది? లెక్కల శాఖ అధికారిగారి అల్లుడికి. కంప్యూటర్ల గదిలో కొత్తగా చేరాడు. సొంత ఆల్టో ఉంది, బంగారు రంగుది, మెడకు తోలు పట్టీ. ఫోనులో చూసి నాలుగు నెలల్లో నేర్చుకున్నాడట. నేర్చుకున్నంత మేరకు బాగానే వాయిస్తాడు. ఆ మేర ఎంతో అడగకూడదు.

కాగితం వెనక ఇంకో సంగతి ఉంది, దాన్ని గేటు దగ్గర టైము కీపరుగా పనిచేసే బ్యాండు మాస్టారు చెప్పాడు.

"అక్కా, పాత ఒప్పందంలో పద్నాలుగు మందికి తక్కువైతే అది బ్యాండే కాదని ఉంది. పెద్దాయన రిటైరైతే పదమూడు అయ్యాం. ఈ అల్లుడితో పద్నాలుగు. వార్షికోత్సవం నాటికి నువ్వు బారిటోన్ వాయించలేకపోతే ఆ కుర్చీ రద్దు. కుర్చీ రద్దయితే బ్యాండు రద్దు. లౌడు స్పీకరు కొంటారట. దాని బొమ్మ కూడా సారు నాకు చూపించాడు."

"మీరేమన్నారు?"

"సరే సార్ అన్నాను."

బ్యాండు మాస్టారు జీవితంలో కట్టిన ఒకే ఒక్క బాణీ అది. తప్పు లేకుండా పాడతాడు.

లౌడు స్పీకరు మీద సంక్షేమాధికారికి అంత ప్రేమ ఎందుకంటే, అది బుధవారం సాయంత్రం సాధనకని పని వదిలి వెళ్లదు. టీ అడగదు. పద్నాలుగు మంది ఒకచోట చేరి ఊపిరి పీల్చుకుంటే, ఊపిరి మధ్యలో మాటలు కూడా వస్తాయి. బ్యాండు గదిలో పాటల కన్నా మాటలే ఎక్కువ పుట్టాయని, పంకాలు తిరిగి పెట్టించాలన్న అర్జీ కూడా అక్కడే తయారైందని ఆయనకు తెలుసు. అందుకే ఈ బదిలీ. సీట్లక్క వాయించలేకపోతే తప్పు ఆమెది, బ్యాండు రద్దు నిబంధనలది. ఆయన చేతికి మట్టి అంటదు.

ఇక మూడు నెలలు టైముంది.

మొదటి బుధవారం పెట్టె తెరిచారు. ఆల్టో చంటిబిడ్డలా చంకన ఒదిగిపోయేది. ఇది అలా కాదు, నిద్రపోతున్న ఎదిగిన మనిషిని మెడకు కట్టుకున్నట్టుంది. కింది గొట్టం తొడకు కొట్టుకుంటుంది, పైన గొట్టం మెలిక తిరిగి కంటికి అడ్డొస్తుంది. మీటలు అవే, కానీ ఒక్కోటి ఒక్కో ఊళ్లో ఉంది. ఆమె అలవాటు ప్రకారం పెదాలు బిగించి, ఆల్టోకు ఊదినంత గాలి ఊదింది.

ముందు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది, రాకపోయినా బాగుండేది.

"అక్కా, రివర్సు గేరు పడింది" అన్నాడు ట్రంపెట్ వాయించే టైర్ల మేస్త్రి.

"గేరు కాదు, సైలెన్సరు ఊడింది" అన్నాడు క్లారినెట్ వాయించే ఎలక్ట్రీషియను.

పెద్ద డోలు కొట్టే అన్న, రెండు బస్సులు కలిపి కుట్టినట్టుండే పొడుగు బస్సు నడుపుతాడు, నవ్వలేదు. "అందరూ నోరు ముయ్యండ్రా. మొదటి రోజు మీరు బండి తీసినప్పుడు ఎన్ని గోడలు కూలాయో చెప్పమంటారా?" అన్నాడు.

అల్లుడుగారు మర్యాదస్తుడు. నవ్వకుండా, ఫోను తీసి, "ఇందులో వీడియో ఉందాంటీ, పంపిస్తాను" అన్నాడు.

ఇంటి దగ్గర సంగతి వేరు. రెండు గదుల ఇల్లు, మూడో అంతస్తు. సీట్లక్క భర్త అదే సంస్థలో కండక్టరు. శాక్సఫోన్ పెట్టె గోడకు ఆనిస్తే వంటింటికి వెళ్లే దారి సగమైంది. ఆయన పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, "ముందుకు జరగండి, ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది" అని తనకు తనే చెప్పుకుంటూ దాటేవాడు.

అత్తగారు మంచం మీద ఉంటుంది. ఆవిడకు చెవులు పెద్దగా పనిచేయవు. సన్నటి శబ్దాలు ఎప్పుడో వినపడటం మానేశాయి. బారిటోన్ మొదటిసారి ఇంట్లో మోగిన సాయంత్రం ఆవిడ లేచి కూర్చుంది.

"ఏమిటే అది? కింద రోడ్డు తవ్వుతున్నారా?"

"నేనేనత్తయ్యా! శాక్సఫోను వాయిస్తున్నాను!"

"ఎప్పట్నుంచీ?"

"పంతొమ్మిదేళ్ల నుంచీ!"

"మరి నాకెవరూ చెప్పలేదేం?" అని ఆవిడ కొడుకు వంక కోపంగా చూసింది.

తర్వాత ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆవిడ ఇన్నేళ్లూ పొరుగింటి వాళ్లకు వేరేగా చెబుతూ వచ్చింది: "పాపం, రోజంతా మెషిను తొక్కి వస్తుంది కదా, ఒక ఇత్తడి గొట్టం నోట్లో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటుంది. దానికదో విశ్రాంతి." ఆల్టో మీద సీట్లక్క సాధించిన పేరు ప్రతిష్ఠల్లో ఇంటివాటా ఇంతే.

కానీ ఆవిడే ఇప్పుడు మొదటి శ్రోత అయింది. మంచం పట్టె మీద అరచెయ్యి ఆనించి వినేది. "నిన్న లారీ ఖాళీగా వెళ్లింది. ఇవాళ కాస్త లోడు మీద ఉంది" అనేది. బ్యాండు మాస్టారు మూడు నెలల్లో ఇంత పనికొచ్చే మాట ఒక్కటీ చెప్పలేదు.

రెండు వారాలకు మెడ పట్టేసింది. మెషిను మీద ఇరవై రెండేళ్లు వంగిన మెడ అది. పైన ఈ బరువు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారే, ఇక్కడ రోకలి కూడా సంస్థదే, దాఖలా పుస్తకంలో రాసి ఇచ్చిందే. డాక్టరు రెండు రోజులు విశ్రాంతి రాశాడు. సంక్షేమశాఖ ఆ చీటీని 'సాధన వృత్తి పని కానందున' అని తిప్పి పంపింది. బ్యాండు రద్దు చేయడానికి మాత్రం సాధన వృత్తి పనే.

ఆమె ఇక ఎవరినీ అడగలేదు. తుక్కులో పడేసిన డ్రైవరు సీటు నుంచి మంచి స్పాంజి కోసింది. తెగిన సీటుబెల్టు పట్టీలు రెండు తీసుకుంది. రెండు భుజాల మీదుగా వచ్చి, వీపు మీద ఒకదాన్నొకటి దాటుకుని, ముందు కొక్కేనికి చేరేలా కుట్టింది. లోపలివైపు స్పాంజి, పైన నల్ల రెగ్జిను, నాలుగు వరసల కుట్టు. మెడ మీది బరువు దిగి భుజాల మీదా వీపు మీదా పరుచుకుంది. ఆ రోజు బ్యాండు గదిలోకి నడిచి వస్తుంటే అల్లుడుగారు తన తోలు పట్టీని ఒకసారి సవరించుకున్నాడు. "ఇది ఏ కంపెనీదాంటీ?" అన్నాడు.

"మా షెడ్డుదే. మీ మామగారు కూర్చునే కుర్చీ కుట్టింది కూడా ఈ కంపెనీయే."

సాధనకు ఒక చోటు కూడా దొరికింది. డిపో వెనక, తుక్కు కింద రాసేసి వేలం కోసం నిలబెట్టిన బస్సులు ఉన్నాయి. భోజనం టైములో ఆమె వాటిలో ఒకదాని వెనక సీట్లో కూర్చుని వాయించేది. ఆ బస్సు కిటికీ అద్దాలు వదులైపోయాయి. గాలి సరిగా పడి, స్వరం నిండుగా వస్తే అద్దాలు గలగలమనేవి. సన్నగా, బిగిసి వస్తే పలికేవి కావు. పెదాలు బిగించిన ప్రతిసారీ బస్సు మౌనంగా ఉండేది. ఆ మౌనం ముందు ఆమె పంతొమ్మిదేళ్ల అలవాటు మెల్లగా వదులైంది. ఒక రోజు ఎడమ వైపు అద్దాలన్నీ ఒక్కసారి మోగితే, మేనేజరు మెచ్చుకున్నా అంత సంతోషం కలిగేది కాదు. మేనేజరు మెచ్చుకోలేదు కాబట్టి పోల్చి చూసే అవకాశం కూడా లేదు.

కానీ స్వరం నిండుగా వచ్చినా ఒక అడుగు వెనకపడి వచ్చేది. డోలు పడ్డాక బారిటోన్ వచ్చేది, ఆలస్యంగా వచ్చి క్షమాపణ చెప్పే గుమాస్తాలా. దానికి మందు పొడుగు బస్సు అన్న చెప్పాడు.

"చిన్న బండికీ పొడుగు బండికీ తేడా ఏంటంటావ్? మలుపు. చిన్న బండి మలుపు దగ్గర తిప్పితే తిరుగుతుంది. నా బండి తిరగాలంటే, మలుపు ఇంకా రాకముందే చెయ్యి మొదలెట్టాలి. నీ గొట్టం ఎంత పొడుగుంది? గాలి అంత దూరం నడిచొద్దూ? నువ్వు ముందే బయల్దేరు."

ముందే బయల్దేరింది. సరిపోయింది.

అంతా కుదురుతోందనుకునేలోపు కొత్త రోగం వచ్చింది. రెండో పాట సగానికి వచ్చేసరికి లోపల బుడబుడమనేది. మూడో పాటకు కప్పలు చేరినట్టుండేది. గట్టిగా ఊదితే ఎక్కువయ్యేది. మాస్టారు బ్యాండు పుస్తకంలో 'వాయించువారి ఊపిరితిత్తుల లోపం వలన శబ్ద దోషం' అని రాశాడు. ఆయనకు ఊపిరితిత్తుల గురించి గేటు దగ్గర పొగ పీల్చినంత అనుభవం ఉంది.

"లోపం నాది కాదు మాస్టారూ, వాద్యంలో ఏదో ఉంది" అంది సీట్లక్క.

సంక్షేమాధికారి ఆ రోజు గదిలోనే ఉన్నాడు. గోడకున్న పాత డ్రమ్ముల మీద దుమ్ము చూస్తూ, "ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు" అని, తన సామెతకు తనే నవ్వి, "ఇంకా నెల రోజులుంది. చూద్దాం" అని వెళ్లిపోయాడు.

ఆ సామెతతో చాలామంది నోళ్లు మూయించారు. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడై ఉంటుందని మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు.

ఆదివారం ఆమె ఆ పెట్టె మోసుకుని, రిటైరైన పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆయన సంస్థ మిషను షాపులో ఇనుము చెక్కే లేత్ మీద పని చేసేవాడు. ముప్పై ఏళ్లు ఈ బారిటోన్ ఆయన భుజాన ఉంది. సైకిళ్ల కొట్టు వెనక ఒక గదిలో ఉంటాడు.

"బుడబుడమంటోంది పెద్దన్నా."

"ఎంతసేపటికి?"

"రెండో పాట సగానికి."

"మరి నీళ్లు వదలట్లేదా అమ్మాయ్?"

"ఏం నీళ్లు?"

పెద్దాయన తెల్లబోయాడు. "నీ ఊపిరే. పైన మెలిక ఉందే, లోపల చల్లబడి నీళ్లై అందులో చేరుతుంది. ఆల్టోకు ఆ మెలిక లేదుగా, నీకు తెలియదు. పాటకీ పాటకీ మధ్య ఈ పక్క చిన్న మీట నొక్కి ఊదితే నీళ్లు బయటికి పోతాయి. ఏదీ, ఇటివ్వు."

ఇచ్చింది. ఆయన బొటనవేలు అలవాటుగా మెలిక కిందికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. మీట ఉంది. కదలలేదు. దాని చుట్టూ తళతళలాడే సీసం అతుకు.

"ఏ వెధవ చేశాడే ఇది?"

ఏ వెధవ చేశాడో సోమవారం తేలింది. పెద్దాయన రిటైరయ్యాక వాద్యాన్ని 'పూర్తి మరమ్మతు'కు పంపారు. సంస్థలో వాద్యాల మరమ్మతు షాపు లేదు గనక రేడియేటర్ల షాపుకు పంపారు. రేడియేటర్ల మేస్త్రి దాన్ని నీళ్ల తొట్టెలో ముంచి, గాలి కొట్టి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూశాడు. ఆ చిన్న కన్నం దగ్గర వచ్చాయి. చక్కగా సీసం పోసి మూసేశాడు. పుస్తకంలో 'లీకు సరిచేయబడినది' అని రాసి సంతకం పెట్టాడు.

"నీళ్లు కారితే లీకే కదక్కా! నా సర్వీసులో లీకు వదిలిపెట్టింది లేదు!" అన్నాడతను రోషంగా.

"ఇది కారాల్సిన లీకు తమ్ముడూ."

"కారాల్సిన లీకు అంటూ ఒకటుంటుందా?" అని కాసేపు గింజుకుని, చివరికి పుల్లతో, సన్నటి మంటతో గంటసేపు కూర్చుని ఆ సీసం కరిగించాడు. మీట కదిలింది. ఒకసారి ఊదితే అతని చొక్కా మీద పడ్డాయి నీళ్లు. ఇద్దరూ నవ్వారు. తిట్టుకోవడానికి అతను తగినవాడు కాడని ఆమెకు తెలుసు. బస్సు తప్ప ఏదీ ఎరగని మనిషి చేతికి శాక్సఫోన్ ఇచ్చి, చుక్క నీరు కారకుండా బాగుచెయ్యమన్నవాళ్లను తిట్టాలి. వాళ్లు రేడియేటర్ల షాపుకు ఎప్పుడూ రారు.

పెద్దాయన్ని ఆమె ఒకటే అడిగింది. "ముప్పై ఏళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరడిగారు? పాటయ్యాక గుడ్డతో తుడుస్తుంటే 'ఈయనకు వాద్యమంటే ఎంత ప్రేమో' అనుకునేవాళ్లు. నేను నీళ్లు తుడుస్తున్నాను. వెళ్లిపోయే రోజు గోడ గడియారం ఇచ్చి ఫొటో తీశారు. నీకు తెలిసిందేమిటో చెప్పి వెళ్లమని ఒక్కడూ అనలేదమ్మాయ్."

మిగతావి ఆయన ఆ నెలలోనే చెప్పాడు. కొరకొద్దు, ఆవులించినట్టు గొంతు తెరువు. ఉన్న గాలంతా ఒక్క స్వరానికే ఖర్చు పెట్టకు, అలాగని పిసినారితనమూ వద్దు. పాట నీది కాదు, దానికి ఏడవకు. నువ్వు పాట కింద నేల.

ఆ చివరి మాట ఆమెకు వెంటనే నచ్చలేదు. ఆల్టో మీద పాట తనదే. ఇప్పుడు అల్లుడుగారు దాన్ని తప్పుల తడకగా వాయిస్తుంటే, ఇక్కడ భూం భూం అంటూ కూర్చోవాలి. నేల కావడంలో గొప్పేముంది? అందరూ తొక్కుతారు.

వార్షికోత్సవానికి వారం ముందు సంక్షేమాధికారి ఇంకో ఆజ్ఞ తెచ్చాడు. ముఖ్య అతిథికి ఇరవై నిమిషాలే టైముంది. ఏటా సిబ్బంది నాలుగు వందల మంది బ్యాండు వెనక వేదిక ముందు నుంచి నడిచి వెళ్లడానికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది. ఈసారి ఎనిమిదిలో అయిపోవాలి.

"అడుగు వేగం పెంచండి. బ్యాండు ఎంత వేగంగా వాయిస్తే జనం అంత వేగంగా నడుస్తారు."

"సరే సార్" అన్నాడు మాస్టారు.

అధికారి వెళ్లాక సీట్లక్క డోలు అన్న దగ్గరికి వెళ్లింది. "ఆ వేగానికి దీనికి గాలి చాలదన్నా. స్వరం నిండకముందే తర్వాతది వచ్చేస్తుంది. మాస్టారి కర్ర చూసి నువ్వు కొట్టేస్తావు, నేను మధ్యలో పోతాను."

డోలు అన్న అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "మాస్టారి కర్ర చూసి ఎవడు కొడతాడు? ఆయన గేటు దగ్గర బస్సుకు చెయ్యి ఊపినట్టు ఊపుతాడు. నేను ఇన్నేళ్లూ పెద్దాయన భుజం చూసి కొట్టాను. ఊపిరి తీస్తే భుజం లేస్తుంది, దిగేటప్పుడు నా దెబ్బ. మిగతావాళ్లు నా డోలు వింటారు. ఇప్పుడు ఆ భుజం నీదే."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే నువ్వు భుజం ఆలోచించుకుంటూ ఊదడం మర్చిపోతావని."

వార్షికోత్సవం రోజు మైదానంలో ఎండ బాగా కాసింది. వేదిక మీద గొడుగులు, కింద నాలుగు వందల తలలు. ముందు డ్రైవర్లు, తర్వాత కండక్టర్లు, మెకానిక్కులు, చిట్టచివర బస్సులు కడిగే ఆడవాళ్లు. ఏటా వాళ్లు చివరే. రోజంతా నీళ్లలో నిలబడి పాదాలు వాచిపోయిన వాళ్లను వరసలో చివర ఎందుకు పెడతారో అడిగితే, 'యూనిఫాం రంగు కలవదు' అని జవాబు.

మొదటి పాట ఎనిమిది నిమిషాల వేగంతోనే మొదలైంది. సీట్లక్క ప్రయత్నించింది, నిజంగానే ప్రయత్నించింది. రెండు స్వరాలకొకటి మింగేసింది. తల తిరిగింది. మింగినచోటల్లా పాట కింద గొయ్యి పడుతోంది. సంక్షేమాధికారి వేదిక పక్కన పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. ఇలాగే సాగితే ఆయన పుస్తకంలో ఒక వాక్యం రాస్తాడు, బారిటోన్ వినపడలేదని. అంతే, పదమూడు మంది.

మలుపు తిరిగేటప్పుడు వెనక వరస కనబడింది. బస్సులు కడిగేవాళ్లు నడవడం లేదు, పరిగెడుతున్నారు. ఒకామె చెప్పు చేతిలో పట్టుకుని కుంటుతోంది. ఇంకొకామె ముందు మనిషి భుజం పట్టుకుంది.

సీట్లక్క అప్పుడు ఒక పని చేసింది. అది తిరుగుబాటని తర్వాత చాలామంది అన్నారు గానీ, చేసినప్పుడు అది ఊపిరి తీసుకోవడమే. స్వరానికి ఎంత గాలి కావాలో అంత తీసుకుంది. గొంతు తెరిచి, నిండా ఊదింది. దాని పొడుగంతా పలికే వరకు తర్వాతదాన్ని పిలవలేదు. మళ్లీ అంత గాలి తీసుకుంది. పట్టీల కింద భుజాలు నిదానంగా లేచి, నిదానంగా దిగాయి. దిగిన చోటే డోలు పడింది. ట్రంపెట్ ఆగి చూసి, డోలుతో కలిసింది. క్లారినెట్లు కలిశాయి. నాలుగు వందల మంది కాళ్లు ఒక్కొక్క వరసగా నెమ్మదించాయి. చెప్పు చేతిలో పట్టుకున్నామె నిలబడి, చెప్పు వేసుకుని, వరసలో కలిసింది. కలవడానికి టైముంది.

మాస్టారి కర్ర మాత్రం పాత వేగంతోనే ఊగుతూ పోయింది, తప్పిపోయిన బస్సు వెనక పరిగెత్తే మనిషిలా. దాన్ని నమ్మినవాడు బ్యాండులో ఒక్కడే, అల్లుడుగారు. పాపం, పాట మిగతావాళ్లకన్నా చాలా ముందే ముగించేసి, ఇక ఏం చేయాలో తెలియక బంగారు వాద్యాన్ని తుడుచుకుంటూ నడిచాడు.

నడక పదిహేను నిమిషాలు పట్టింది. ముఖ్య అతిథి గడియారం చూసుకుని, రెండు వాక్యాలు మాట్లాడి వెళ్లిపోయాడు. ఆ ప్రసంగానికి వచ్చినన్ని చప్పట్లు ఆ మైదానంలో ఏ ప్రసంగానికీ రాలేదు.

మూడో రోజు కాగితం వచ్చింది. 'ఊరేగింపు ఆలస్యమునకు బారిటోన్ శాక్సఫోన్ ఏకైక కారణమని విచారణలో తేలినది. సదరు వాద్యము మొత్తం బ్యాండును, బ్యాండు ద్వారా నాలుగు వందల మంది సిబ్బందిని నెమ్మదింపజేసినది. సంజాయిషీ ఇవ్వవలెను.'

భర్త అది చదివాడు. "వెళ్లి సారు కాళ్లు పట్టుకో. ఊపిరి ఆడలేదని చెప్పు. బ్యాండు పోతే పోయింది, ఉద్యోగం మిగులుతుంది."

సీట్లక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి బయటికి చదివి, కుట్టు పెన్సిలుతో ఒక వాక్యం కింద గీత గీసింది.

"కాళ్లు పట్టుకోవడమెందుకండీ? కావలసింది ఆయనే రాసిచ్చాడు."

"ఏం రాసిచ్చాడు?"

"చూడండి. బారిటోన్ వినపడలేదు, దాని కుర్చీ దండగ అని రాస్తే బ్యాండు పోయేది. కోపంలో అది మర్చిపోయి, దానివల్లే నాలుగు వందల మంది నెమ్మదించారని రాశాడు. వినపడని వాద్యం అంతమందిని ఎలా ఆపుతుంది?"

భర్త కాగితం లాక్కుని చదివాడు. మళ్లీ చదివాడు. "ఓర్ని" అన్నాడు.

ఆమె జవాబు అరపేజీ కూడా లేదు. 'అయ్యా, తమరి కాగితం అందింది. నా వాద్యం మోగిందనీ, అందరికీ వినపడిందనీ, నేను దానికి అలవాటుపడ్డాననీ తమరు విచారించి ధ్రువీకరించినందుకు కృతజ్ఞతలు. ఈ సంగతి బ్యాండు పుస్తకంలో ఎక్కించి, పద్నాలుగో కుర్చీ కొనసాగించమని ప్రార్థన. ఇక ఆలస్యం గురించి: ఆ వాద్యం పరిగెత్తలేదు. బస్సులు కడిగేవాళ్లూ పరిగెత్తలేరు. ఇద్దరి సంగతీ నాకు ఆ రోజే తెలిసింది.' కింద జీతం కాగితం మీద తప్ప కనబడని తన పేరు నిండుగా రాసి సంతకం పెట్టింది.

శుక్రవారం సంక్షేమాధికారి గదికి పిలిపించాడు. ఆ గదిలో పంకా ఉంది, తిరుగుతోంది. బల్ల మీద లౌడు స్పీకరు బొమ్మ ఉన్న కాగితం బోర్లించి ఉంది.

"బాగా తెలివైనదానివే" అన్నాడు.

"ఏదో, సీట్లు కుట్టుకునేదాన్ని సార్."

"బ్యాండు ఉంటుంది. ఇప్పటికి. కానీ వచ్చే ఏడాది ఎనిమిది నిమిషాల్లో అయిపోవాలి, అర్థమైందా?"

"అలాగే సార్. బస్సులు కడిగే ఆడవాళ్లు వేదిక ముందు పరిగెత్తాలని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టివ్వండి. భోజనాల గదిలో అంటిస్తాం. అందరూ చదువుకుని సిద్ధపడతారు."

ఆయన పెన్ను తీశాడు. మూత తీశాడు. తెల్ల కాగితం వంక చూశాడు, తర్వాత ఆమె వంక చూశాడు, మళ్లీ కాగితం వంక చూశాడు.

"ముందు నువ్వు వెళ్లు. పంపిస్తాను" అన్నాడు.

ఆమె షెడ్డుకు వెళ్లింది. నలభై రెండో నంబరు బస్సు సీట్లు మూడు వచ్చి పడున్నాయి. ఆ కాగితం కోసం బ్యాండు పద్నాలుగు మందీ ప్రతి బుధవారం మాస్టారిని అడుగుతూనే ఉన్నారు. ఇంకా రాలేదు.